మంగళవారమా, బుధవారమా?

ఈసారి శీర్షికకు నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. అన్నీ లోపం లేకుండా పక్కాగా ఉండాలనే పట్టుదల గురించినవే. రాసినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా రెండో ఉత్తరం చదువుతుంటే, మొదటి ఉత్తరంలోని భర్తే రహస్యంగా రాశాడేమో అన్న అనుమానం వచ్చింది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. జవాబులు సమానంగా ఉండవు. మొదటిదానికి ఎక్కువ చోటు పట్టింది, ఆఖరివి తొందరగా తేలిపోయాయి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పెళ్లయి 11 ఏళ్లయింది. వృత్తి ఆడిటింగ్. ఏ పనైనా పక్కాగా ఉండాలనేది చిన్నప్పటి నుంచీ నా తత్వం. మా ఆయన మంచివారే కానీ దేన్నీ అంతగా పట్టించుకోరు. తువ్వాళ్లు మడతపెట్టమంటే ఉండచుట్టి పెడతారు. పిల్లాడి స్కూలు ఫారం నింపమంటే ఒక గడి వదిలేస్తారు. నేను అరిచే మనిషిని కాదు. ఒక్క మాట కూడా అనకుండా తువ్వాళ్లు తీసి మళ్లీ మడతపెడతాను, ఫారం నేనే పూర్తి చేస్తాను.

ఈమధ్య స్నేహితుల ఇంట్లో కూర్చున్నప్పుడు, మా ప్రయాణంలో కారు ఆగిపోయిన సంగతి ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ‘మంగళవారం సాయంత్రం...’ అన్నారు. ‘బుధవారం’ అన్నాను. ‘మూడు గంటలు రోడ్డు మీదే నిలబడ్డాం’ అన్నారు. రెండు గంటలే. అదీ చెప్పాను. ఆయన నవ్వి, ‘మిగతాది తను చెబుతుంది, నాకంటే బాగా గుర్తుంటుంది’ అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఇంటికి వచ్చాక ఏమైందని అడిగితే ‘నీతో మాట్లాడటమంటే పరీక్ష రాసినట్టుంటుంది’ అన్నారు. అప్పటి నుంచి ఏది అడిగినా ‘నీ ఇష్టం’ తప్ప మరో మాట లేదు. నిజానికి ఆయన మీద కంటే నామీద నేనే ఎక్కువ కఠినంగా ఉంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్పా? ఆయన మళ్లీ నాతో మామూలుగా మాట్లాడాలంటే ఏం చేయాలి?

జవాబు: బుధవారమే అయి ఉంటుంది. మీ లెక్క తప్పే అవకాశం నాకు కనిపించడం లేదు. మీ ఆయన కూడా అది కాదనలేదు.

కానీ ఆ సాయంత్రం ఆయన చెప్పబోయింది వారం పేరు కాదు కదా. రోడ్డు మీద నిలబడ్డప్పుడు భయమేసిందో, నవ్వొచ్చిందో, దారిన పోయేవాళ్లెవరైనా ఆగి సాయం చేశారో, ఏదో ఒకటి ఉంది నలుగురితో చెప్పుకోవడానికి. అదేమిటో తెలుసుకుందామని మీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను. ఏ వారమో ఉంది, ఎన్ని గంటలో ఉంది, ఆయన చెప్పబోయిన కథ మాత్రం లేదు. మీకది వినపడలేదు. మీరు పరధ్యానంగా ఉన్నారని అనడం లేదు, మహా శ్రద్ధగా విన్నారు. తప్పు ఎక్కడ దొర్లుతుందా అని విన్నారు. అలా వినేవాళ్లు పక్కన ఉంటే ఎంత మాటకారికైనా రెండో వాక్యం దగ్గరే నోరు ఎండిపోతుంది.

‘ఒక్క మాట కూడా అనకుండా’ అని రాశారు. తువ్వాళ్ల దగ్గర మీరు మౌనంగా ఉన్నారంటే నేను ఒప్పుకోను. ఆయన మడతపెట్టినదాన్ని విప్పి మళ్లీ పెట్టడం కూడా మాటే. ‘నువ్వు చేసింది చెల్లదు’ అన్న మాట. నోటితో అని ఉంటే ఆయన ‘ఎందుకు చెల్లదు, తుడుచుకోవడానికి పనికిరాదా?’ అని పోట్లాడేవారు. పోట్లాట అయ్యాక ఎవరో ఒకరు నవ్వేవారు కూడా. చప్పుడు లేకుండా చేస్తే ఆయనకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకదు. ఇలాంటి ఉత్తరాల్లో నాకు తరచూ కనబడే వాక్యం ఇదే, ‘నేనేమీ అనలేదండీ’ అని. ఇంట్లో అవతలివాళ్లను అడిగితే రోజంతా అదే వింటున్నామంటారు.

ఇక, మీమీద మీరు మరింత కఠినంగా ఉంటానన్నారు. దాన్ని మీరు మీ తరఫు సాక్ష్యంగా చెబుతున్నారు. ఆయన వైపు నుంచి చూడండి. ఒక చిన్న పొరపాటు చేసి మీరు రాత్రంతా నిద్రపోకుండా మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆయన చూస్తూనే ఉంటారు. తన సొంత తప్పునే క్షమించుకోలేని మనిషి నా తప్పును క్షమిస్తుందా అని లెక్క వేసుకోరూ? మీరు మీకు వేసుకునే శిక్షే ఆయనకు హెచ్చరికైపోతోంది.

కెనడాకు చెందిన పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో పర్‌ఫెక్షనిజాన్ని మూడు రకాలుగా విడదీసి కొలిచారు. తన నుంచి తాను లోపం లేనితనం కోరుకోవడం ఒకటి. పక్కవాళ్ల నుంచి కోరుకోవడం రెండోది. పక్కవాళ్లు తన నుంచి అది కోరుతున్నారని నమ్మడం మూడోది. మీలో మొదటిదీ రెండోదీ ఉన్నాయి. ‘పరీక్ష రాసినట్టుంటుంది’ అన్న రోజున మీ ఆయన మూడోదాన్ని బయటపెట్టారు. ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఎందుకంటే మిషెల్ హారింగ్ అనే పరిశోధకురాలు వీళ్లిద్దరితో కలిసి దంపతుల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, కాపురంలోని అసంతృప్తితో గట్టిగా ముడిపడి కనిపించింది ఆ మూడోదే. అలా నమ్మేవాళ్లకే కాదు, వాళ్ల జీవిత భాగస్వామికీ సంతృప్తి తక్కువగానే ఉంది. ‘ఈమె దగ్గర నేనెప్పుడూ పాసవను’ అని ఒకసారి అనుకున్నాక మనిషి పరీక్షకు రావడమే మానేస్తాడు. ‘నీ ఇష్టం’ అంటే అదే. అందులో మీ ఇష్టానికి గౌరవం ఉందనుకుని మురిసిపోకండి.

ఒకరు వెంటపడి అడగడం, ఇంకొకరు ముడుచుకుపోవడం, ముడుచుకున్నకొద్దీ మరింత అడగడం. ఈ వలయాన్ని ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి దంపతుల్లో గమనించాడు. ఇందులో ఉన్న చిక్కేమిటంటే, ఇద్దరూ తాము అవతలివాళ్లకు స్పందిస్తున్నామనే అనుకుంటారు. ఆయన మాట్లాడరు కాబట్టి అడుగుతున్నానని మీరు, ఆమె నిలదీస్తుంది కాబట్టి మాట్లాడనని ఆయన. ఎవరు మొదలుపెట్టారని తేల్చడానికి కూర్చుంటే ఈ జన్మ చాలదు. ఉత్తరం రాసింది మీరు కాబట్టి నేను మీకే పని చెబుతాను.

మీ వృత్తిలోనే దీనికి మందుంది. ఆడిట్‌లో కంటపడిన ప్రతి తేడానీ పట్టుకుని వేలాడరు. ‘మెటీరియాలిటీ’ అని ముందే ఒక హద్దు పెట్టుకుంటారు. ఆ లెక్కలు చూసి నిర్ణయం తీసుకునేవాళ్ల ఆలోచనను మార్చగలిగేంత తేడా అయితేనే దాన్ని పట్టించుకుంటారు, మరీ స్వల్పమైనవి వదిలేస్తారు. మొత్తం చిన్నదైనా స్వభావాన్ని బట్టి వదలకూడనివి కొన్ని ఉంటాయని కూడా మీకు నాకంటే బాగా తెలుసు. ఆ హద్దు మీ ఇంటి మాటల్లో లేదు. మందు మోతాదు, రైలు టికెట్ తేదీ, బ్యాంకులో కట్టాల్సిన మొత్తం, వీటిలో ఆయన తప్పు చెబితే మొహమాటం లేకుండా దిద్దండి. కారు ఆగింది మంగళవారమైతే ఏమిటి, బుధవారమైతే ఏమిటి? విన్నవాళ్లలో ఎవరి నిర్ణయం మారుతుంది?

నోటి చివరిదాకా వచ్చిన దిద్దుబాటును మింగడం మీకు సులువు కాదని నాకు తెలుసు. దురద లాంటిది. మొదట్లో మీకు ఒళ్లు మండుతుంది, అబద్ధానికి వంతపాడుతున్నట్టుంటుంది. అలాంటప్పుడు దిద్దుబాటు స్థానంలో ఒక ప్రశ్న పెట్టండి. ‘అప్పుడు మీకేమనిపించింది?’ చాలు. దిద్దడం ఆపి ఊరికే బిగుసుకుని కూర్చుంటే మాత్రం లాభం లేదు. మీ పెదవి విరుపు ఆయనకు 11 ఏళ్లుగా పరిచయం.

తువ్వాళ్ల సంగతి. ఏదైనా పని ఆయనకు అప్పగించాలనుకుంటే అప్పగించే ముందే ‘ఎంతవరకు చేస్తే చాలు’ అన్నది ఇద్దరూ మాట్లాడుకోండి. అలమరలో పట్టాలి, తలుపు మూసుకోవాలి, అంతే అని ఆయనంటారు. అంచులు కలవాలని మీరంటారు. ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగిన తరువాత ఇన్‌స్పెక్షన్ లేదు. మీకు అంచులు కలవడం ప్రాణం మీదికి వచ్చే విషయమైతే ఆ పని మీరే ఉంచుకోండి, సంతోషంగా చేసుకోండి, ‘అన్నీ నేనే చేసుకోవాలి’ అని ఎవరితోనూ అనకండి. స్కూలు ఫారం వేరు. అది వెనక్కి వస్తే పిల్లాడికి ఇబ్బంది. దాంట్లో వదిలేసిన గడి చూపించి ఆయన చేతనే నింపించండి. మీరు నింపేస్తే రెండో ఫారంలోనూ ఒక గడి ఖాళీగా ఉంటుంది.

ఇంకొకటి చెప్పడానికి కాస్త జంకుతున్నాను. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే శాస్త్రవేత్త దంపతులు గొడవపడేటప్పుడు వీడియోలు తీసి గమనించాడు. నిలబడిన కాపురాల్లో, గొడవ నడుస్తున్నప్పుడు కూడా ఒక చేదు మాటకో చూపుకో సుమారు 5 మంచివి ఉంటాయని తేల్చాడు. మంచివంటే పొగడ్తలే కాదు, తలూపడం, నవ్వు, ‘అదీ నిజమేలే’ అనడం లాంటివి. జంకు ఎందుకంటే, ఇది చదివి మీరు డైరీలో గీతలు పెట్టుకుని రోజుకు 5 లెక్కన మంచి మాటలు అప్పజెబుతారేమోనని. దయచేసి ఆ పని చేయకండి. మీ ఆయన మూడో రోజుకే పసిగట్టేస్తారు.

ముందు ఆ కథ దగ్గరికే వెళ్లండి. పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. ‘మొన్న మీరు చెబుతుంటే మధ్యలో దూరాను. కారు ఆగిన సంగతి మీ నోట వినాలనుంది’ అనండి. ఆయన వెంటనే చెప్పరు. ‘ఇప్పుడెందుకులే’ అంటారు. బలవంతపెట్టకండి. ఏదో ఒక రోజు, ఆ కథ కాకపోయినా ఆఫీసు సంగతో మరోటో మొదలుపెడతారు. అందులో పేరో తేదీయో తప్పు చెబుతారు. కావాలని కాదు, ఆయన మాట తీరే అంత. అప్పుడు మీరేం చేస్తారన్నదే ఆయన కనిపెట్టి చూసేది.

ప్రశ్న: నా వయసు 44. మా ఆవిడ నన్ను ఎప్పుడూ వేలెత్తి చూపలేదు. అయినా తన ముందు నేను తక్కువగా కనబడకూడదని నా తాపత్రయం. ఆరు నెలల క్రితం ఒక స్నేహితుడికి హామీ ఉండి ఇరుక్కున్నాను. సమస్య మొత్తం తీర్చేసి, ‘ఇలా జరిగింది, ఇలా సర్దేశాను’ అని ఒకేసారి చెబుదామనుకున్నాను. ఏ రోజు చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అని కాగితం మీద రాసుకుని కొట్టేస్తూ వచ్చాను. ఈలోగా బ్యాంకు నుంచి వచ్చిన ఫోన్ తనే ఎత్తింది. ‘డబ్బు పోయినందుకు కాదు, ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడావు చూడు, అందుకు’ అంది. తనను టెన్షన్ పెట్టకూడదనే దాచాను. ఇప్పుడు క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక మళ్లీ రాసుకుంటున్నాను. ఎలా చెబితే తనకు అర్థమవుతుంది?

జవాబు: ముందు ఆ కాగితం చించేయండి.

టెన్షన్ పెట్టకూడదనే దాచానన్నారు. కొంత నిజమే అయి ఉంటుంది. కానీ ఉత్తరం మొదట్లోనే ‘తక్కువగా కనబడకూడదని’ అని మీరే రాశారు. ఆ రెండింటిలో ఏది పెద్ద కారణమో మీ ఆవిడ ఫోన్ పెట్టేసేలోపే కనిపెట్టి ఉంటుంది. ఆమెను కాపాడాననే మాట క్షమాపణలో ఎక్కడా రానివ్వకండి. వస్తే క్షమాపణ కాస్తా ఆమె మీద పెట్టిన ఉపకారం అవుతుంది.

పైన చెప్పిన హ్యూయిట్, ఫ్లెట్ తమ సహచరులతో కలిసి 2003లో మీలాంటివారి గురించి విడిగా రాశారు. కొందరికి లోపం లేకుండా ఉండటం కంటే లోపం లేనట్టు కనబడటం ముఖ్యం. వాళ్లు మూడు పనులు చేస్తారు. తమ గొప్ప చూపించుకుంటారు. తప్పు చేస్తూ ఎవరి కంటా పడకుండా జాగ్రత్తపడతారు. చేసిన తప్పును నోటితో చెప్పరు. మొదటిది చేసేవాళ్లను నలుగురూ ఇట్టే గుర్తుపడతారు. మీది ఆ మూడోది. దాన్ని గుర్తించడం కష్టం, ఎందుకంటే బయటికి అది నెమ్మదితనంలా, ఓర్పులా కనిపిస్తుంది. ‘మా అల్లుడు ఎంత నిబ్బరమైన మనిషో’ అని మీ అత్తగారు అని కూడా ఉంటారు.

మీరొక్కరే ఇలా ఉన్నారనుకోకండి. థామస్ కర్రన్, ఆండ్రూ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్ కాలేజీ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. మూడు రకాల పర్‌ఫెక్షనిజమూ పెరిగింది. అన్నిటికంటే వేగంగా పెరిగింది, ‘నలుగురూ నా నుంచి లోపం లేనితనం కోరుతున్నారు’ అన్న నమ్మకం. మీ ఆవిడ ఎప్పుడూ వేలెత్తి చూపలేదని మీరే అంటున్నారు. అయినా ఆమె కళ్లలో పరీక్షాధికారి కనబడుతున్నాడంటే, అతన్ని ఎక్కడి నుంచో మీరే వెంట తెచ్చుకున్నారు. ఎక్కడి నుంచో తీరిగ్గా ఆలోచించండి. ఆమె మీద మాత్రం వేయకండి.

మీకు అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో చెబుతాను. ‘పూర్తిగా తీరాక చెబుతాను’ అనేవాళ్ల ఇంట్లో భార్యకు ఎప్పుడూ ముగింపులే అందుతాయి. మీరు ఎటూ తేల్చుకోలేక గిజగిజలాడిన రోజులు ఆమెకు తెలియవు. ఆ రోజుల్లో మీరెలా ఉంటారో చూడని మనిషికి మీరు సగమే తెలుసు. ఆమె ‘పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడావు’ అన్నది ఈ బాధతోనే. ఆ నవ్వులో ఏది నిజమో ఆమె ఇప్పుడు వెనక్కి వెళ్లి వెతుక్కుంటోంది.

క్షమాపణ చిన్నగా ఉండాలి. ‘హామీ సంగతి నీకు చెప్పకుండా దాచాను. అది తప్పు. నిన్ను ఒంటరిని చేశాను.’ ఇంతే. ‘ఎందుకంటే’ అన్న మాటతో నాలుగో వాక్యం మొదలుపెట్టాలని నాలుక లాగుతుంది, అప్పుడు ఆగండి. కారణాలు ఆమె అడిగినప్పుడు చెబుదురుగాని. మాట తడబడినా, మధ్యలో గొంతు పట్టేసినా మరీ మంచిది. కాగితం చూసి అప్పజెప్పిన క్షమాపణను ఎవరైనా ఇంకో నాటకమే అనుకుంటారు. ఆ తరువాత హామీ కాగితాలు, బ్యాంకు ఉత్తరాలు, మీ దగ్గర ఏమేం ఉన్నాయో అన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టండి. వరసగా సర్దకండి. ఎలా ఉన్నవి అలా.

ఆమె వెంటనే మెత్తబడదు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంది. ప్రతిసారీ జవాబు చెప్పాలి, విసుక్కోకుండా. ఇక ముందు ఏదైనా చిక్కు వస్తే తెలిసినంత వరకే చెప్పే అలవాటు చేసుకోండి. ‘ఇలా జరిగింది, ఇంకా ఏం చేయాలో తోచలేదు, ఇప్పుడు నువ్వు ఊరికే విను’ అనో, ‘నీ సలహా కావాలి’ అనో. వినమంటున్నారో సలహా అడుగుతున్నారో ముందే చెప్పడం వల్ల సగం గొడవలు తప్పుతాయి. పెద్ద విషయాలతో మొదలుపెట్టనక్కర్లేదు. ఆఫీసులో ఇవాళ ఒక మెయిల్ తప్పుగా పంపి నాలుక కరుచుకున్నాను, అలాంటిది చెప్పండి. చెప్పి, ఆమె ముఖంలోకి చూడండి.

ప్రశ్న: మా ఆయనకు గిన్నెలు ఒక వరసలో బోర్లించాలి, దుప్పటి ఒక కొలతలో వేలాడాలి. నేనెలా చేసినా వంక పెడతారు. అది కూడా పిల్లల ముందు, ‘మీ అమ్మకు ఇదీ రాదు’ అని. విసిగిపోయి నేను ఆ పనులు మానేశాను. ఇప్పుడేమో ‘ఇంట్లో అన్నీ నేనే చేయాలి’ అని సాధింపు. ఏం సమాధానం చెప్పాలి?

జవాబు: కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషికి చివరికి గుడ్డూ ఈకలూ తనకే మిగులుతాయి, పక్కన మనిషి ఉండరు. ఆయనకు అది ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ప్రతి పనీ దిద్దితే అవతలివాళ్లు చేయడం మానేస్తారు, ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కానీ మీరు మానేసిన సంగతి ఆయనతో చెప్పి మానేశారా? ఊరికే మానేస్తే ఆయన దాన్ని బద్ధకం ఖాతాలో రాసుకుంటారు. ‘నాకు వదిలేస్తే నా పద్ధతిలో చేస్తాను. దిద్దాలనుకుంటే మీరే చేసుకోండి, రెండూ కుదరవు’ అని తగవు లేని పూట, మామూలు గొంతుతో చెప్పండి. (కావాలని గిన్నెలు చిందరవందరగా పెట్టి ఉడికిస్తున్నారా? ఉత్తరం ధోరణి చూస్తే ఎక్కడో చిన్న అనుమానం. అలాగైతే అది మానుకోండి.)

గిన్నెల వరస విషయంలో మీరిద్దరూ ఎప్పటికీ ఒకటి కాకపోవచ్చు. దంపతుల మధ్య తగవుల్లో సుమారు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తెగనివేనని పైన చెప్పిన గాట్‌మన్ లెక్క. స్వభావాల తేడా నుంచి పుట్టేవి అవి. వాటితోనే బతికేస్తారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ, కొంచెం సర్దుకుంటూ. నన్నడిగితే గిన్నెల గురించి ఎక్కువ ఆలోచించకండి.

‘మీ అమ్మకు ఇదీ రాదు’ అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. గిన్నె వంకరగా ఉందనడం ఫిర్యాదు. నీకేదీ చేతకాదనడం మనిషి మీద తీర్పు. పిల్లల ముందు అలా అనడం చులకన చేయడం, కాపురానికి అన్నిటికంటే చేటు చేసేది ఈ చులకనేనని గాట్‌మన్ పరిశోధనల్లో తేలింది. అన్న వెంటనే, పిల్లలు వింటుండగానే ‘అలా మాట్లాడొద్దు’ అనండి. వాదన అక్కర్లేదు. ఆయన గొంతు పెంచితే, లేదా మీకే గుండె దడదడలాడుతుంటే, అక్కడితో ఆపి కనీసం 20 నిమిషాలు వేరే గదిలో గడపండి. ఒళ్లు చల్లబడనిదే చెవులు పనిచేయవు. కాకపోతే ‘మళ్లీ వచ్చి మాట్లాడతాను’ అని చెప్పి వెళ్లండి, చెప్పినట్టే తిరిగి రండి.

ప్రశ్న: అన్నీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలనుకోవడం జబ్బా? డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

జవాబు: దానంతటది జబ్బు కాదు. మంచి పని చేయాలన్న పట్టుదల చాలామందిలో ఉంటుంది, అది లేకపోతే లోకం నడవదు. తప్పు దొర్లుతుందన్న భయంతో పనులు మొదలుపెట్టలేకపోతున్నా, పూర్తి చేయలేకపోతున్నా, నిద్ర పట్టకపోయినా, మీతో ఉండటం ఇంట్లోవాళ్లకు కష్టమైపోతున్నా సైకాలజిస్టును కలవండి. చేతులు కడిగిందే కడగడం, తలుపు వేశామా అని పదేపదే చూడటం, వద్దన్నా వదలని ఆలోచనలు ఉంటే అది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) కావచ్చు, అది వేరే సమస్య, దానికి మానసిక వైద్యుల చికిత్స ఉంది. పర్‌ఫెక్షనిజం కోసం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్సలో, ప్రత్యేకమైన పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకటి, కావాలనే ఒక పనిని కొంచెం అసంపూర్తిగా వదిలి ఏం జరుగుతుందో చూడటం. వినడానికి నవ్వొస్తుంది గానీ, చేసేవాళ్లకు చెమటలు పడతాయి. భార్యాభర్తలిద్దరూ వెళ్తే మంచిది. ఒకరు రానంటే రెండోవారు ఒక్కరే మొదలుపెట్టవచ్చు.

ఇంకో సంగతి. మీరు ఒక్క వాక్యమే రాశారు కాబట్టి మీ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు. పని నచ్చలేదని ఇంట్లో ఎవరైనా మీ మీద చేయి చేసుకుంటున్నా, డబ్బు ఇవ్వడం ఆపేస్తున్నా, మీ ఫోన్ తీసి చూస్తున్నా, ఎవరితో మాట్లాడాలో హద్దులు పెడుతున్నా దాన్ని పర్‌ఫెక్షనిజం అని పిలవకండి. దానికి ఈ జవాబుల్లోని సలహాలేవీ పనికిరావు. ఇంట్లో మీరు నమ్మేవాళ్లకు చెప్పండి, మీ భద్రత ముందు చూసుకోండి, తరువాత నాకు వివరంగా రాయండి. పేరు అక్కర్లేదు.